టెక్సాస్‌లో మంచు తుఫాను హెచ్చరిక, ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న: డల్లాస్‌కి వచ్చి మూడు నెలలే అయింది. వారాంతంలో గడ్డకట్టే వాన, మంచు అంటున్నారు, ఇంట్లో చిన్న పాప ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. ముందు ఏం చూసుకోవాలండీ?

జవాబు 1: పైపులు. బయటి గోడ వైపున్న కుళాయిలు సన్నటి ధారగా వదిలేయండి, సింకు కింద తలుపులు తెరిచి పెడితే వేడి గాలి తగులుతుంది. నీళ్లు గడ్డకడితే పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది, పైపులు పగిలేది అందుకే. ఇంటికి వచ్చే నీళ్లు ఆపే మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ఇవాళే చూసుకోండి.

జవాబు 2: 2021 ఫిబ్రవరిలో ఇక్కడ లక్షల ఇళ్లకి కరెంటు పోయింది, చలికి తట్టుకోలేక గ్యారేజీలో కారు ఆన్ చేసుకుని, ఇంట్లో బొగ్గు కాల్చుకుని విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్‌తో చనిపోయినవాళ్లున్నారు. దానికి వాసన ఉండదు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి.

ప్రశ్న అడిగినవారు: వాల్వ్ దొరికింది, కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ బ్యాటరీ మారుస్తున్నాను. థాంక్సండీ.