నల్గొండలో మోకాలు నొస్తే నేరం ఇంకా ఫ్లోరైడ్‌దేనా?

చండూరు చౌరస్తా:
మా దిక్కు ఎవరికి మోకాలు నొచ్చినా ఒకటే మాట: "ఫ్లోరైడ్ బిడ్డా, ఏం చేస్తం." అంటే బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎముకల్లో చేరి పాడుచేసిందని. మా అమ్మకు అరవై దాటింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ కూడా అదే చెప్పిండు. హైదరాబాద్‌లో ఎముకల డాక్టర్ మాత్రం ఎక్స్‌రే చూసి, "గుజ్జు అరిగింది, ఇది ఏ ఊళ్ళో అయినా వచ్చేదే" అన్నారు. మిషన్ భగీరథ మంచినీళ్ల నల్లా వచ్చి ఏళ్లయింది, ఇంట్లో ఎవరం బోరు నీళ్లు ముట్టడం లేదు. నా వాదన సూటిగా చెప్తా. ఫ్లోరైడ్ కథ అయిపోయింది. ఇప్పటి నొప్పులన్నీ దాని ఖాతాలో రాయడం మానాలి. ఆ భయం చూపించే నూనెలు, బెల్టులు, ఆల్కలైన్ మిషన్లు అమ్ముతున్నారు. కాదనేవాళ్లు చెప్పండి.

దర్శి మెట్ట:
అయిపోయిందని అంత ధీమాగా ఎలా అంటారండీ? 1937లోనే షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బు, అంటే ఫ్లోరోసిస్ గురించి వైద్య పత్రికలో రాశారు. అది మా మెట్ట ప్రాంతం సంగతే, అప్పట్లో మేం నెల్లూరు జిల్లా. (పేరు మాత్రం మీ నల్గొండకొచ్చింది, మమ్మల్ని అడిగేవాడు లేడు. అది వేరే బాధ.) అసలు విషయానికొస్తే, ఒంట్లో నిలిచిపోయే ఫ్లోరైడ్‌లో 99 శాతం దాకా ఉండేది ఎముకల్లో, పళ్లలోనే. నీళ్లు మార్చిన మర్నాడే అది పోదు. పాత ఎముక కరిగి కొత్తది కట్టుకునే కొద్దీ మెల్లగా బయటికొస్తుంది, దానికి ఏళ్లు పడుతుంది. ఇక ఎముకలను కలిపే పట్టీలూ పొరలూ ఒకసారి గట్టిపడితే వెనక్కి మెత్తబడవు. మీ అమ్మగారు పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి తాగింది ఏ నీళ్లు?

ఎక్స్‌రే గది:
నేను ఫిల్ములు తీసేవాణ్ణి. మోకాలి ఫిల్మ్ ఒక్కటే చూస్తే ఈ తగవు తేలదు. అరుగుదలలో కీలు మధ్య సందు తగ్గుతుంది, ఎక్కువగా లోపలివైపు. అంచుల్లో ముళ్లలా పెరుగుతాయి. అది అందరిలోనూ కనిపించేదే. ఫ్లోరోసిస్ ముదిరితే వెన్నుపూసలు, కటి ఎముకలు సుద్దముక్కలా తెల్లగా, దట్టంగా కనిపిస్తాయి. ఇంకో గుర్తు ముంజేతిలో ఉంటుంది. అక్కడి రెండు ఎముకల మధ్య ఒక పలచని పొర ఉంటుంది, అది సున్నం పట్టి ఎముక అంచున గరుకు గీతలా తేలుతుంది. మామూలు అరుగుదలలో అది కనిపించదు. కాబట్టి ముంజేతి ఫిల్మ్ తీయించండి. ఇంట్లోనే చూడాలంటే గడ్డం ఛాతీకి ఆనుతుందా, చేతులు రెండూ తల వెనక కలుస్తాయా, నిలబడి వంగి కాలి వేళ్లు అందుకోగలరా చూడండి. ఇది నిర్ధారణ కాదు, అనుమానానికి ఆధారం మాత్రమే. ఇంకో సంగతి, రెండు జబ్బులూ ఒకే మనిషిలో ఉండొచ్చు. అది ఎవరికీ నచ్చదు.

బోరు మోటారు:
అసలు దొంగ ఫ్లోరైడ్ కాదు, సున్నం నీళ్లు. బిందె అడుగున తెల్లగా పేరుకునేదే కీళ్లలోనూ పేరుకుంటుంది. ఒకే బావి నీళ్లు తాగిన అన్నదమ్ముల్లో ఒకడు వంగిపోతే ఇంకొకడు నిటారుగా ఎలా ఉన్నాడో ఫ్లోరైడ్ పార్టీ వాళ్లు చెప్పాలి.

నీటి పరీక్ష:
బిందె అడుగున ఉండేది కాల్షియం, మెగ్నీషియం కార్బొనేట్. కఠిన జలం తాగితే అది కీళ్లలో గడ్డకడుతుందనడానికి ఆధారం లేదు. నిజానికి రసాయన శాస్త్రం మీ మాటకు ఎదురు తిరుగుతుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్ ఎక్కువ నిలవలేదు, కాల్షియం ఫ్లోరైడ్‌గా మారి అడుగు చేరుతుంది. నల్గొండ కింద ఉన్నది గ్రానైట్. అందులోని ఫ్లోరైట్, అపటైట్, బయొటైట్ లాంటి ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ. రాతి పగుళ్లలో చాలాకాలం నిలిచిన నీళ్లలో సోడియం, బైకార్బొనేట్ పెరిగి కాల్షియం తగ్గుతుంది. సరిగ్గా ఆ నీళ్లే ఫ్లోరైడ్‌ను లాగుతాయి. అంటే సబ్బు చక్కగా నురగొచ్చే బోరు నీళ్లనే ముందు అనుమానించాలి. రంగు ఉండదు, వాసన ఉండదు. మరగబెడితే తగ్గకపోగా నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్‌కు మన ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5 దాకా. నీళ్లను మిషన్‌తో ఆల్కలైన్ చేసినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు.

హాలియా కాలువ:
అన్నదమ్ముల ప్రశ్న మంచిదే, కొట్టిపారేయకండి. 1973లో మన జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఈ జబ్బు కొత్త రూపం గురించి రాశారు. అప్పటిదాకా ఫ్లోరోసిస్ అంటే నడుము బిగిసి వంగిపోయిన పెద్దవాళ్లే. వీళ్లు చూసింది ఎదిగే వయసు వాళ్లను, ముఖ్యంగా మగపిల్లలను. మోకాళ్లు లోపలికి ఒరుసుకుంటాయి, పాదాలు దూరంగా పడతాయి. విచిత్రం ఏంటంటే వెన్నెముక గట్టిపడుతుంది, కాళ్ల ఎముకలు గుల్లబారతాయి, రెండూ ఒకే ఒంట్లో. ఎందుకిలా అంటే నాగార్జునసాగర్ వైపు వేలు చూపించారు. జలాశయం, కాలువల ఊటతో భూగర్భ జలం పైకొచ్చింది, నేల గుణం మారింది, జొన్నల్లో మాలిబ్డినం అనే లోహం పెరిగింది, అది ఒంట్లోని రాగిని పోగొట్టి ఎముకను బలహీనం చేసింది అని. తాగే కాల్షియం తక్కువ, తినే కాల్షియం తక్కువ, దానిమీద ఇది. రుజువైపోయిందని నేననను, ఆ లింకు మీద వాదన ఉంది. కానీ ఒకే ఫ్లోరైడ్ ఇద్దరిలో రెండు రకాలుగా పని చేయడం వింత కాదు. మా కాలువ నీళ్లతో వరి పండి అప్పులు తీరాయి, కాబట్టి ఈ సంగతి మా ఊళ్ళో చెబితే ఎవరూ వినరు.

చండూరు చౌరస్తా:
అంటే తప్పు తిండిదని మీరే ఒప్పుకుంటున్నారు. నా మాట నిలిచినట్టే.

దర్శి మెట్ట:
ఎక్కడ నిలిచింది? ఫ్లోరైడ్ లేని ఊళ్ళలోనూ పేదవాళ్లు ఆ జొన్నలే తిన్నారు. అక్కడెవరూ ముప్పై ఏళ్లకే గూనివాళ్లు కాలేదు. తిండి జబ్బు తీవ్రతను మారుస్తుంది, జబ్బును పుట్టించేది మాత్రం నీళ్లే. తిండి సంగతంటే ఒకటి మాత్రం నిజం, 2002లో అదే సంస్థ వాళ్లు బడిపిల్లలకు రోజూ 10 గ్రాముల చింతపండు పెట్టి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా పోయింది. (రేపటికల్లా చింతపండు క్యాప్సూల్ అమ్మేవాడు దిగుతాడు.)

మర్రిగూడ మలుపు:
ఇంట్లో బోరు నీళ్లు ముట్టడం లేదన్నావు కదా అన్నా, చేను కాడ? నాట్లేసే రోజుల్లో, కలుపు తీసే రోజుల్లో కూలోళ్లు తాగేది బోరు పైపు కిందనే. ఎండలో పొద్దంతా వంగి పని చేసే మనిషి ఇంట్లో కూర్చున్నోళ్ల కన్నా ఎన్నో రెట్లు తాగుతాడు. ఇంటికొచ్చాక నల్లా నీళ్లకు మందు వాసనొస్తుందని ముసలోళ్లు బోరు బిందె దగ్గరికే పోతారు. మా తాత అట్లనే చేస్తడు, ఎన్నిసార్లు చెప్పినా. 2020కల్లా సర్కారు లెక్కల్లో ఫ్లోరైడ్ ఆవాసాలు సున్నా అయినయి. ఆ లెక్క పైపు ఎక్కడిదాకా పోయిందో చెప్తది, ఎవరు ఏం తాగుతున్నరో చెప్పదు.

నీటి పరీక్ష:
ఈ వాదన తేల్చడానికి ముసలివాళ్ల మోకాళ్లు పనికిరావు. పిల్లల పళ్లు చూడాలి. శాశ్వత పళ్ల పింగాణీ (పైపొర, ఎనామెల్) కట్టుకునేది చిన్నతనంలోనే, ముందు పళ్లకైతే మొదటి నాలుగైదేళ్లలో. నల్లా వచ్చాక పుట్టిన పిల్లలకు ఇప్పుడిప్పుడే ఆ పళ్లు వస్తున్నాయి. అవి శుభ్రంగా ఉంటే చౌరస్తా గారి మాట సగం నిజం. సుద్ద మచ్చలు, గోధుమ రంగు చారలు కనిపిస్తే ఆ పళ్లు కట్టుకునే ఏళ్లలో ఆ ఇంట్లో బోరు నీళ్లు తాగారని అనుమానించాలి.

చండూరు చౌరస్తా:
సరే, మా బడిలో రెండో, మూడో తరగతి పిల్లల పళ్లు టీచర్‌తో కలిసి చూస్తా. అమ్మకు ముంజేతి ఫిల్మ్ కూడా తీయిస్తా. మూత్ర పరీక్ష చాలదా?

ఎక్స్‌రే గది:
చాలదు. అది ముఖ్యంగా ఈ మధ్య ఎంత తాగారో చెప్తుంది, ఎముకలో ఎంత నిలిచిందో చెప్పదు. ముంజేతితో పాటు కటి ఫిల్మ్ కూడా అడగండి. మోకాలి ఆపరేషన్ సంగతి మాత్రం డాక్టర్‌తోనే తేల్చుకోండి. కీలు అరిగితే అరిగినట్టే, కారణం ఏదైనా.