అప్‌డేట్: తవుడు నూనె వడపోతలో ఫిల్టర్ ఎయిడ్

తవుడు నూనెలోని మైనం తీసే దశలో మా ప్రెషర్ లీఫ్ ఫిల్టర్‌లో (మూసిన పాత్రలో లీఫులనే జాలీ పలకల గుండా నూనెను ఒత్తిడితో వడకట్టే యంత్రం) పీడనం త్వరగా పెరుగుతోందని, మొదట వచ్చే నూనె మసకగా ఉంటోందని ఇంతకుముందు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. సమస్య చాలావరకు తీరింది.

ఇప్పుడు జాలీల మీద చదరపు మీటరుకు సుమారు 0.7 కిలోల డయటొమైట్ (ఫిల్టర్ ఎయిడ్‌గా, అంటే వడపోతకు తోడ్పడేందుకు వాడే సన్నని ఖనిజపు పొడి) పూత పడేలా దాన్ని శుభ్రమైన నూనెలో కలిపి, సైట్ గ్లాసులో (నూనె కనిపించే గాజు కిటికీ) నూనె తేటపడేదాకా తిప్పి, పంపు ఆపకుండానే అసలు నూనెకు మారుస్తున్నాము; మధ్యలో ప్రవాహం ఆగితే పూత జారిపోతుంది. దీనితో మసక పోయింది. పీడనం అదుపులోకి రావడానికి మాత్రం, వడపోతకు వచ్చే నూనెలోనే కొద్దికొద్దిగా అదే పొడి కలుపుతూ ఉండడమే ముఖ్య కారణమని నా అభిప్రాయం. మైనపు స్ఫటికాలు మెత్తనివి కావడంతో ఒత్తిడికి అణిగి దారులు మూసేస్తాయి. గట్టి రేణువులు వాటి మధ్య చేరితే కేకులో (జాలీల మీద పేరుకునే పొర) నూనె కదిలే సందులు మిగులుతాయి. పొడి మరీ ఎక్కువైతే లీఫుల మధ్య ఖాళీ త్వరగా నిండి, కేకుతో పోయే నూనె పెరుగుతుంది కనుక మోతాదును ఇంకా సరిచూస్తున్నాము.

కొలిమిలో కాల్చిన డయటొమైట్‌లో స్ఫటిక సిలికా ఉంటుంది, దాని ధూళి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. సంచులు విప్పే కార్మికులకు గుడ్డ మాస్కులు చాలవు. దయచేసి సరైన రెస్పిరేటర్లు ఇవ్వండి.