లీగ్ మధ్యలో బాల్ క్లీనర్ వాడొద్దనడం న్యాయమేనా?

లేన్ పద్నాలుగు:
నిన్న మా డాలస్ టెన్‌పిన్ బౌలింగ్ లీగ్‌లో మూడో గేమ్ నడుస్తుంటే, మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి స్ప్రే తీసి బాల్ మీద కొట్టాడు. అవతలి కెప్టెన్ వెంటనే ఆపేశారు. 2019 ఆగస్టు 1 నుంచి అమెరికా బౌలింగ్ సంఘం యుఎస్‌బీసీ సర్టిఫైడ్ పోటీల్లో ఆట మొదలయ్యాక బాల్‌కి ఏ ద్రవమూ వాడకూడదు, పొడి టవల్ ఒక్కటే. రూల్ అదే, కాదనను. కానీ ఆరు బాల్స్ తెచ్చుకునేవాళ్లు ఒకటి మొండికేస్తే ఇంకోటి తీస్తారు. ఈ అబ్బాయికి ఉన్నదే ఒకటి. వాడేం చేయాలి?

పొడి టవల్:
న్యాయమే అన్నా. సీసాలో ఏముందో ఎవరు చూడొచ్చారు? 1973లో ప్రొఫెషనల్ బౌలర్ డాన్ మెక్‌క్యూన్ బాల్‌ని లేన్ మీద బాగా పట్టేలా రసాయనంలో నానబెట్టి మెత్తబరిచి, ఆ ఏడాది ఆరు టైటిళ్లు గెలిచాడు. అప్పటికి అది తప్పు కాదు. బాల్ ఇంత గట్టిగా ఉండాలని హద్దు పెట్టింది ఆ తర్వాతే.

ఇక నూనె సంగతి. ఫౌల్ లైన్, అంటే బాల్ వేసేటప్పుడు కాలు దాటకూడని గీత, అక్కడి నుంచి పిన్స్ దాకా లేన్ 60 అడుగులు. మామూలు లీగ్‌లో అందులో సుమారు 40 అడుగులు లేన్ మీద పూసిన నూనే. బాల్ తిరిగి రాగానే వెలుతురుకి పట్టి చూడండి, సన్నటి గీతలు చుట్లు చుట్లుగా మెరుస్తుంటాయి. బాల్ పైపొరలోని రియాక్టివ్ రెజిన్ ఆ నూనెని పీల్చేసుకుంటుంది, దాంతో బాల్ పట్టు తగ్గుతుంది. తుడవకుండా వదిలేస్తే గీత దానంతటదే మాయమవుతుంది, అంటే లోపలికి ఇంకిపోయిందన్నమాట. ఆ అబ్బాయి ప్రతి షాట్‌కీ తుడిచాడా?

లేన్ పద్నాలుగు:
లేదు, నిజమే. ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. అయినా టవల్ పైన ఉన్న నూనెనే తీస్తుంది కదా?

పొడి టవల్:
అందుకే క్లీనర్ పని ఆట అయిపోగానే చేయాలి, బాల్ ఇంకా వెచ్చగా ఉండగానే. ఇంటికెళ్లి రేపు చూద్దాంలే అనుకుంటే సగం నూనె అప్పటికే లోపలుంటుంది.

గురువారం లీగ్:
అందరూ బాల్ గురించే అంటున్నారు, షూ గురించి ఒక్కరూ మాట్లాడరేం? పోయినేడు టోర్నమెంట్‌లో రెస్ట్‌రూమ్‌కి వెళ్లొచ్చాను. స్లైడ్ సోల్‌కి, అంటే జారడానికి షూ కింద ఉండే నున్నటి అడుగుకి, చెమ్మ తగిలినట్టు నాకు తెలియలేదు. తర్వాతి షాట్‌కి కాలు జారాల్సిన చోట బిగుసుకుపోయింది. మోకాలు మూడు వారాలు ఇబ్బంది పెట్టింది. వంద డాలర్ల క్లీనర్లు కొనేముందు ఒక జత షూ కవర్లు కొనండి, దయచేసి. ఇంకో మాట, టెక్సస్ ఎండలో బాల్‌ని కారు ట్రంక్‌లో వదిలేయకండి. నాది బొటనవేలి రంధ్రం నుంచి పగిలింది.

లేన్ పద్నాలుగు:
సరే, తుడవడం, షూ కవర్లు, రెండూ వాడికి చెప్తాను. కానీ గేమ్‌కీ గేమ్‌కీ మధ్య ఒక్కసారైనా క్లీనర్‌కి అనుమతి ఉండాలనే అంటాను. ఒక్క బాల్‌తో ఆడేవాళ్లే మన లీగుల్లో ఎక్కువ.

పొడి టవల్:
ఎవరి సీసా వాళ్లు తెచ్చుకుంటామంటే ఒప్పుకోను. సెంటర్ వాళ్లే ఒక సీసా కౌంటర్ దగ్గర పెట్టి, అందరూ అదే వాడాలంటే మీ వైపే ఓటేస్తాను.