పావుగంట లారింక్స్ (స్వరపేటిక) కేసుకి ఏ రిలాక్సెంట్ (కండరాలను కదలకుండా చేసే మందు) వాడుతున్నారు?

అనస్థీషియా పీజీ, రెండో ఏడాది:
నమస్తే. మా ఈఎన్‌టీ లిస్టులో మైక్రో లారింజోస్కోపీలు, అంటే నోట్లోంచి స్కోప్ పెట్టి స్వరపేటికలో చేసే ఆపరేషన్లు, ఎక్కువ. వోకల్ కార్డ్ (స్వరతంత్రి) పాలిప్, బయాప్సీ, అలాంటివి. సర్జన్ పావుగంట పని అంటారు, నిజంగానే అంతలో అయిపోతుంది. అట్రాక్యూరియం కిలోకి 0.5 మి.గ్రా. ఇస్తే సర్జన్ గ్లవ్స్ విప్పేశాక కూడా నేను బ్యాగ్ నొక్కుతూ నిలబడాలి. త్వరగా దిగిపోయే స్కోలిన్ (సక్సినైల్‌కోలిన్) ఇస్తే స్కోప్ సరిగ్గా కుదిరేసరికే కార్డ్స్ కదలడం మొదలవుతుంది. రెండో డోసు వెయ్యాలంటే టెన్షన్. మీరు ఏం చేస్తున్నారు?

కర్నూలు అనస్థటిస్ట్:
ఒక ముక్క తీసుకుని బయటికొచ్చే బయాప్సీకి స్కోలిన్ కిలోకి 1 మి.గ్రా. చాలు. రెండో డోసు విషయంలో మీ భయం సరైనదే. కొద్ది నిమిషాల తేడాతో మళ్లీ వేస్తే పల్స్ పడిపోవచ్చు, పిల్లల్లో మరీ. పల్స్ పెంచే అట్రోపిన్ కిలోకి 20 మైక్రోగ్రాముల లెక్కన ముందే సిరంజిలో ఉండాలి. మర్నాడు మెడ, భుజాలు పట్టేస్తాయని కూడా చెప్పి పంపండి.

విజయవాడ మేడమ్:
మందు ఎంత త్వరగా ఎక్కుతుందన్నదే అందరూ అడుగుతారు. నేను మాత్రం అది ఎలా దిగుతుందో ముందు చూస్తాను. స్కోలిన్ దిగాలంటే రక్తంలో ప్లాస్మా కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఉండాలి. ఆర్య వైశ్య కుటుంబాల్లో ఈ ఎంజైమ్ లోపం మిగతావాళ్ల కన్నా ఎక్కువగా ఉంటుందని పరిశోధనల్లో తేలింది కాబట్టి మన ప్రాంతంలో ఇది పరీక్ష కోసం చదివి వదిలేసే విషయం కాదు. ఏ కులమైనా సరే, చెకప్‌లో "మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి ఆలస్యంగా వచ్చిందా?" అని అడుగుతాను. పేషెంటు లేదంటాడు. పక్కన కూర్చున్న పెద్దావిడ మాత్రం "మా మరిదికి హెర్నియా అప్పుడు సాయంత్రం దాకా మిషన్ మీదే ఉంచారమ్మా" అంటుంది. ఆ ఒక్క మాట చాలు, స్కోలిన్ పక్కన పెట్టేస్తాను. మివాక్యూరియం అనే రిలాక్సెంట్ కూడా, ఎందుకంటే దాన్ని దించేదీ అదే ఎంజైమ్.

ఒకవేళ స్కోలిన్ ఇచ్చాక దిగకపోతే కంగారుపడి, మిగతా రిలాక్సెంట్లను దించడానికి వాడే నియోస్టిగ్మిన్ వెయ్యకండి. అది ఉన్న కాస్త ఎంజైమునూ అడ్డుకుంటుంది. మత్తుమందు ప్రొపోఫాల్ నడుపుతూ వెంటిలేట్ చేస్తూ కూర్చోండి, గంటలు పట్టినా దానంతట అదే దిగుతుంది. మెలకువ వచ్చి వేలు కూడా కదపలేని స్థితి మాత్రం పేషెంటుకి రానివ్వకూడదు. తర్వాత అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ కూడా పరీక్ష చేయించమని రాసివ్వండి.

యూకేలో తెలుగు డాక్టర్:
మేమైతే రోక్యురోనియం అనే రిలాక్సెంట్, చివర్లో దాన్ని దించే సుగమాడెక్స్. రోక్యురోనియం కిలోకి 0.6 మి.గ్రా.తో మొదలుపెడితే సర్జన్‌కి చివరిదాకా కార్డ్స్ స్థిరంగా ఉంటాయి. నర్వ్ స్టిమ్యులేటర్‌తో నరానికి వరుసగా నాలుగుసార్లు కరెంటు ఇచ్చినప్పుడు ట్విచ్‌లు (కండరం కదలికలు) రెండు వచ్చాక సుగమాడెక్స్ కిలోకి 2 మి.గ్రా., బ్లాక్ (మందు ప్రభావం) ఇంకా డీప్‌గా ఉంటే 4. వయల్‌లో 200 మి.గ్రా. ఉంటుంది కాబట్టి 50 కిలోల మనిషికి డీప్ బ్లాక్‌లోనూ ఒక్కటే సరిపోతుంది. గర్భనిరోధక మాత్రలు వాడే అమ్మాయిలకి ఒక మాత్ర మర్చిపోయినట్టే లెక్క అని, ఇంప్లాంట్ లాంటి హార్మోన్ పద్ధతులైతే ఏడు రోజులు వేరే జాగ్రత్త కూడా కావాలని తప్పకుండా చెప్పండి. ఇది చాలామంది చెప్పరు.

అనస్థీషియా పీజీ, రెండో ఏడాది:
థాంక్యూ మేడమ్, థాంక్యూ సర్. ఇంకొక్కటి. మా దగ్గర నర్వ్ స్టిమ్యులేటర్ ఉంది. అట్రాక్యూరియం కేసులో బొటనవేలు అసలు కదలడం లేదు, సర్జనేమో కార్డ్స్ కదులుతున్నాయంటారు. మానిటర్ తప్పా?

విజయవాడ మేడమ్:
మానిటర్ తప్పు కాదు, సర్జన్ చెప్పిందీ నిజమే. ఇలాంటి మందులకి లారింక్స్ కండరాలు బొటనవేలి కన్నా ముందు పడతాయి, ముందే లేస్తాయి కూడా. అందుకే కేసు నడుస్తున్నంతసేపూ ఎలక్ట్రోడ్లు కనుబొమ దగ్గర పెట్టి చూస్తే కార్డ్స్ సంగతి బాగా తెలుస్తుంది. ట్యూబ్ తీసే ముందు మాత్రం మళ్లీ బొటనవేలికే రండి. అక్కడ ట్రెయిన్ ఆఫ్ ఫోర్ నిష్పత్తి (నాలుగు ట్విచ్‌లలో మొదటిదాంతో పోలిస్తే నాలుగోదాని బలం) 0.9 చేరందే నేను ట్యూబ్ తియ్యను, తర్వాతి కేసు కోసం బయట ఎవరు ఎంత తొందరపెట్టినా సరే.