దర్వాజ పక్క గోడకు బల్ల, అద్దం: బండ మేలా, కర్ర మేలా?

నల్లగొండ కొత్తిల్లు:
నమస్తే. నల్లగొండల ఇల్లు పూర్తి కావొచ్చింది, తూర్పు దర్వాజ. కడప దాటంగనే 50 అంగుళాల వెడల్పు నడవ, కుడి పక్క 6 అడుగుల గోడ, అటెన్క హాల్. ఆ కుడి గోడకు తాళాలు, హెల్మెట్లు పెట్టుకునే బల్ల, పైన అద్దం కావాలె. మేస్త్రి గోడకే గ్రానైట్ బండ బిగిస్తనంటుండు. వడ్రంగేమో కర్ర బల్లనే చేయించుకోమంటుండు. గోడ నాలుగున్నర అంగుళాలది, ఎర్ర ఇటుక. తలుపు రెక్క 38 అంగుళాలు, బందులు ఎడమ పక్క ఉన్నయి. ఏది ఖాయం చేయమంటరు?

రాతిపని:
బండే పెట్టించుండ్రి. దర్వాజ దగ్గర రోజూ కడప కడుగుతరు, తడిబట్ట పెడతరు. కాళ్లు లేని బండ కిందికెళ్లి చీపురు సాఫుగ పోతది, చెదల భయం లేదు. 42 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 18 మి.మీ. మందం గ్రానైట్ సరిపోతది. ముందు అంచు గుండ్రంగ కొట్టించాలె, లేకుంటే పిల్లల నెత్తికి తగులుతది. తాండూరు బండ, కడప జిల్లా బండ సస్త అని తీసుకోకుండ్రి. అవి సున్నపురాయి జాతి. నిమ్మరసం పడ్డా, టైల్సు కడిగే యాసిడ్ చుక్క పడ్డా మెరుపు పోయి తెల్ల మచ్చ కూసుంటది, ఎంత తుడిచినా పోదు. నల్ల గ్రానైట్ కూడా వద్దంట. మన ఎర్రమట్టి దుమ్ముకు పొద్దున తుడిస్తే మాపటికి అట్లనే కనపడతది.

పాలమూరు చెక్కపని:
అన్నా, చెద మాట నిజమే గని దాని కోసం బండ ఎందుకు? రేపు బీరువా వస్తది, ఫ్రిజ్ వస్తది, పెండ్లికి మంచాలు వస్తయి. గోడలో బిగించిన బండను ఎటు జరుపుతరు? కర్ర బల్లయితే పది నిమిషాలల్ల పక్కకు పెట్టొచ్చు.

రెడీమేడ్ దుకాణాల్ల దొరికే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు బల్లల జోలికి మాత్రం పోవద్దు. తడిబట్ట నీళ్లు కాళ్ల అడుగు నుంచే పీలుస్తయి. ఒకసారి అంచు పొంగితే ఎండినంక కూడా మునుపటి మందానికి రాదు, స్క్రూ పట్టు వదులుతది. ప్లైవుడ్ అయితే 710 గ్రేడ్, అంటే నీళ్లకు తట్టుకునే మెరైన్ రకం, 18 మి.మీ. షీట్ అడగాలె. 303 గ్రేడ్ల ఎంఆర్ అని ఉండేది మామూలు కమర్షియల్ రకం, తడి తగిలే చోటుకు పనికిరాదు. టేకయితే చేవ చూసి తీసుకోవాలె. అంచున ఉండే తెల్ల కర్రకు టేకయినా చెద పడతది. పచ్చి కర్రతో చేయిస్తే ఎండకాలం మన దిక్కు వేడికి జాయింట్లు నోరు తెరుస్తయి. కాళ్ల కింద 10 మి.మీ. నైలాన్ బుష్షులు వేసి, బల్ల వెనక అంచుకూ గోడకూ మధ్య అర అంగుళం సందు వదిలితే చాలు. చెద పాకినా మట్టి దారి కంటికి కనపడతది.

దేవరకొండ సివిల్:
బండా కర్రా అని తేల్చుకునే ముందు తలుపు లెక్క చూడండి. నడవ 50 అంగుళాలు, రెక్క 38. దర్వాజ నడిమధ్య ఉంటే బందులు ఎడమ గోడకు 6 అంగుళాల దూరంలో ఉన్నట్టు. తలుపు తెరుస్తుంటే రెక్క అంచు నేల మీద ఒక వంపు గీస్తుంది. కుడి గోడ నుంచి 10 అంగుళాలు ముందుకొచ్చే బల్లకు ఆ వంపు దర్వాజ నుంచి 17 అంగుళాల వరకు తగులుతుంది. కాబట్టి బల్ల 20 అంగుళాలు వదిలి మొదలుపెట్టండి. 72లో 20 పోతే 52 మిగులుతాయి, 42 అంగుళాల బల్ల హాయిగా పడుతుంది. తలుపు పూర్తిగా తెరిచినప్పుడు రెక్కకూ బల్లకూ మధ్య 34 అంగుళాలు ఉంటుంది. వెడల్పు 12కు పెంచితే 32కు దిగుతుంది, అంతకంటే తగ్గించొద్దు. హెల్మెట్ ముందు నుంచి వెనక్కి దాదాపు 13 అంగుళాలు, కాబట్టి 10 అంగుళాల బల్ల మీద అడ్డంగా పెట్టుకోవాలి.

ఇక బండ సంగతి. ఆ కొలతకు బండ బరువు 13 కిలోలే, అది సమస్య కాదు. చెప్పులు వేసుకుంటూ పెద్దవాళ్లు అంచు మీద చెయ్యి ఆనిస్తారు, అదీ సమస్య. 50 కిలోల బరువు అంచు మీద పడిందనుకోండి. బండను మోయడానికి గోడకు బిగించే ఎల్ ఆకారపు బ్రాకెట్ నిలువు కాలు 8 అంగుళాలుంటే, బండ బరువు కూడా కలిపి పై స్క్రూలను గోడలోంచి లాగే బలం 70 కిలోలు, రెండు బ్రాకెట్లకు చెరి 35. నిలువు కాలు 4 అంగుళాలే ఉంటే అదే 140. నాలుగున్నర గోడలో ప్లాస్టర్ పోను నైలాన్ ప్లగ్గు ఇటుకలోకి 50 మి.మీ. దిగాలి. రంధ్రం ఇటుకల మధ్య మాలులో పడితే ఇంకా వదులు. మేస్త్రి గోడ తొలిచి బండ దూర్చుతానంటే ఒప్పుకోవద్దు, అంత సన్నటి గోడలో దానికి పట్టుండదు.

రాతిపని:
ఒప్పుకుంటున్న. నాలుగున్నర గోడ సంగతి నేను పట్టించుకోలే, తొమ్మిది అంగుళాల గోడకు చెప్పిన మాట అది. నిలువు బండలు రెండు కింద ఆసరా పెడితే నిలబడతది గని అప్పుడు చీపురు లాభం పోతది.

నల్లగొండ కొత్తిల్లు:
అయితే కర్రకే పోతున్న. అద్దం సంగతి చెప్పుండ్రి. నడవ చివర దర్వాజకు ఎదురుగ పెడితే ఇల్లు పెద్దగ కనపడతదని నా ఆశ, ఇంట్లోళ్లు మాత్రం ఒప్పుకుంటలేరు.

మిర్యాల అద్దం:
ఇంట్లోళ్ల మాటే వినుండ్రి. వాస్తు చూసేటోళ్లు అద్దం ఉత్తరం గోడకో తూర్పు గోడకో పెట్టమంటరు. మీ తూర్పు దర్వాజ నుంచి లోపలికి వస్తుంటే కుడి చెయ్యి గోడ ఉత్తరమే. వాస్తు నమ్మనోళ్లకు కూడా కారణముంది. ఎదురుగ పెడితే పొద్దుటి ఎండ దర్వాజ నుంచి నేరుగ అద్దం మీద పడి లోపలికి వచ్చేటోళ్ల కండ్లల్ల కొడతది.

42 అంగుళాల బల్ల మీద 24 వెడల్పు, 36 ఎత్తు అద్దం పొందికగ ఉంటది. 5 మి.మీ. తీసుకోండి, 7 కిలోల బరువు. 4 మి.మీ. అద్దం గోడ కొంచెం వంకరున్నా మొఖం వంకరగ చూపిస్తది. బల్ల ఎత్తు 32, అద్దం కింది అంచు నేల నుంచి 38, పై అంచు 74. 4 అడుగుల 10 అంగుళాల అమ్మకూ 6 అడుగుల కొడుకుకూ ఇద్దరికీ మొఖం, నెత్తి పూర్తిగ కనపడతయి.

అద్దం పాడయేది ఎక్కువగ వెనక నుంచి. వెనకున్న వెండి పూతకు వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ తగిలితే నెలల్లనే నల్ల మరకలు పాకుతయి. న్యూట్రల్ సిలికానే వాడమని గట్టిగ చెప్పండి. కొత్త ప్లాస్టర్ తడి ఆరకముందే అతికించొద్దు. వెనక 3 నుంచి 5 మి.మీ. గాలి సందు ఉండాలె. గృహప్రవేశానికి ముందు టైల్సును యాసిడ్‌తో కడుగుతరు సూడుండ్రి, అద్దం అప్పటికే బిగించి ఉంటే ఆ పొగే అంచుల పూతను తినేస్తది. కడుగుడు అయినంకనే అద్దం తెప్పించుండ్రి. తుడిచేటప్పుడు కూడా స్ప్రే బట్ట మీద కొట్టాలె. అద్దం మీద కొడితే నీళ్లు కిందికి జారి అంచు వెనక చేరతయి.

దేవరకొండ సివిల్:
స్విచ్ బోర్డు ఆ గోడకే ఉందా? ఉంటే బోర్డుకు నేరుగా పైనా కిందా రంధ్రం వేయొద్దు, లోపలి పైపు ఆ దారిలోనే ఉంటుంది.

నల్లగొండ కొత్తిల్లు:
ఉంది, దర్వాజ నుంచి 9 అంగుళాలకు. బల్ల 20కి మొదలైతే అద్దం 29 నుంచి 53 వరకు వస్తది, పైపుకు దూరమే. 710 ప్లైవుడ్, 42 గుణకారం 10, ఎత్తు 32 అని వడ్రంగికి రాసిచ్చిన. యాసిడ్ కడుగుడు వచ్చే వారం, అద్దం దాని తర్వాతే.

పాలమూరు చెక్కపని:
ముందు పక్క రెండు కాళ్లే పెట్టమనుండ్రి. వెనక అంచును గోడకు బిగించిన పట్టీ మీద కూసోబెట్టి రెండు స్క్రూలు కొడితే చాలు. ఆనిన బరువు నేల మీద పడతది, బీరువా వచ్చిననాడు స్క్రూలు ఊడదీసి బల్ల పక్కకు పెట్టొచ్చు. పట్టీకి, గోడకు మధ్య అర అంగుళం వాషర్లు వేస్తే ఆ సందు కూడా మిగులుతది.