నుదుటి సైనస్ వెనక గోడ విరిగితే వెంటనే ఆపరేషనా, ఆగి చూడాలా?

నకిరేకల్ వాసి:
నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబర్ హైవే మీద మా బావమరిది బండి డివైడర్‌ను గుద్దింది. హెల్మెట్ లేదు. నుదుటి సైనస్ (నుదుటి ఎముకలోని గాలి గది) ముందు గోడ లోపలికి నొక్కుకుపోయింది, వెనక గోడ కూడా విరిగిందట. తల వంచితే ముక్కులోంచి నీళ్ళలా చుక్కలు కారుతున్నాయి. ఒక డాక్టరు వెంటనే క్రేనియలైజేషన్ (సైనస్ వెనక గోడ తీసేసి ఆ ఖాళీని మెదడుకు వదిలే ఆపరేషన్) అంటున్నారు, ఇంకొకరు వారం ఆగుదామంటున్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్. మీరేమంటారు?

న్యూరోసర్జరీ పీజీ, హైదరాబాద్:
ఆగొద్దన్నా. అది మెదడు చుట్టూ ఉండే నీరైతే ముక్కులోని క్రిములకు లోపలికి దారి దొరికినట్టే. మెనింజైటిస్ (మెదడు పొరల ఇన్ఫెక్షన్) వస్తే ప్రాణం మీదికొస్తుంది. వెనక గోడ ముక్కలు తీసేసి, సైనస్ లోపలి పొరను డ్రిల్‌తో పూర్తిగా తొలగించి, ముక్కులోకి దిగే దారిని మూసేస్తాం. ఎముక మీది పొరను తిప్పి అడ్డం వేస్తాం. ఆ ఖాళీలోకి మెదడు మెల్లగా సర్దుకుంటుంది. పైగా మన ఊళ్ళవాళ్ళు కాస్త తగ్గితే మళ్ళీ చూపించుకోరు. ఒకేసారి తేల్చేయడం మేలు.

ఈఎన్‌టీ డాక్టర్, మహబూబ్‌నగర్:
మళ్ళీ రారన్న కారణంతో తల మీద చెవి నుంచి చెవి దాకా కోస్తామా? ఆపరేషన్ అయినా రావాల్సిందే కదా! లోపలి పొర రవ్వంత మిగిలినా మ్యూకోసీల్ (చీమిడి నిండిన తిత్తి) పెరుగుతుంది, పదేళ్ళ తర్వాతైనా బయటపడుతుంది. ఇంకో పద్ధతిలో సైనస్‌ను కొవ్వుతో నింపితే తర్వాత తీసే స్కాన్లు చదవడమే కష్టం. గోడ కదలకుండా చీలితే నీరు చాలామందికి వారం పది రోజుల్లో దానంతటదే ఆగుతుంది. తల ఎత్తులో పెట్టి పడుకోవాలి, ముక్కు చీదకూడదు, విరేచనానికి ముక్కకూడదు. సైనస్ నుంచి ముక్కులోకి దిగే దారి మూసుకుపోతే తర్వాత ఎండోస్కోప్‌తో తెరవొచ్చు.

న్యూరోసర్జరీ పీజీ:
గోడ ముక్కలై బాగా లోపలికి జరిగి, డ్యూరా (మెదడు మీది గట్టి పొర) చిరిగితే?

ఈఎన్‌టీ డాక్టర్:
అప్పుడు నేనూ మీ పక్షమే. కానీ ఈయన ‘విరిగింది’ అని మాత్రమే రాశారు. ఎంత జరిగిందో తెలియకుండా ఎలా? సన్నటి స్లైసుల సీటీ చూడాలి, కారేది మెదడు నీరేనా అని తేల్చే బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ పరీక్ష చేయించాలి.

నకిరేకల్ వాసి:
రిపోర్టు తెప్పించాను సార్. వెనక గోడలో చీలిక మాత్రమే ఉందని, జరగలేదని రాశారు. నిన్నటి కంటే చుక్కలు తగ్గాయి.

ఈఎన్‌టీ డాక్టర్:
అయితే వార్డులోనే ఉంచి చూడమనండి. నొక్కుకుపోయిన ముందు గోడను వాపు తగ్గాక సరిచేయొచ్చు. జ్వరం, మెడ పట్టేయడం, మత్తుగా ఉండటం కనిపిస్తే రాత్రయినా సరే డ్యూటీ డాక్టరును పిలవండి. నీరు ఆగకపోతే మాత్రం ఆపరేషన్‌కు వెనకాడొద్దు.