పెన్షన్ ప్లాన్ ఇలస్ట్రేషన్‌లో 4%, 8% వరుసలు: దేన్ని నమ్మాలి?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి):
మార్కెట్‌తో ముడిపడ్డ పెన్షన్ ప్లాన్. ఒకేసారి 10 లక్షలు కడితే 15 ఏళ్ల తర్వాత పెన్షన్ మొదలవుతుంది. ఇలస్ట్రేషన్‌లో (ఎంత రావచ్చో చూపే అంచనా కాగితం) 4%, 8% అని రెండు వరుసలున్నా ఏజెంటు 8% వరుసే చూపిస్తున్నారు. అంత వస్తుందాండీ?

జవాబు 1:
ఆ రెండూ బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం వేసే ఊహా రేట్లు. హామీ కాదు, కనిష్ఠం, గరిష్ఠం కూడా కాదు. మార్కెట్ పడితే 4% కన్నా తగ్గొచ్చు. ఛార్జీలే లేకపోతే 8% మీద 31.7 లక్షలు, 4% మీద 18 లక్షలు. ఛార్జీలు పోయి నికరంగా 6.5% మిగిలితే? 25.7 లక్షలే. ముందు నెట్ యీల్డ్ (ఛార్జీలు పోగా మిగిలే రాబడి) గడి వెతకండి.

జవాబు 2:
అసలు మెలిక ఆ తర్వాత ఉంది. పోగైన సొమ్ములో కొంతతోనైనా అప్పటి రేటుకు యాన్యుటీ (జీవితాంతం పెన్షన్ ఇచ్చే పాలసీ) కొనాలి. ఆ రేటు ఎంతుంటుందో ఇవాళ్టి కాగితానికి తెలియదు. మొత్తం 25.7 లక్షల మీద 6.5% దొరికితే నెలకు సుమారు 13,900, 5.5% అయితే 11,800. మామూలు యాన్యుటీలో ఒకసారి కొన్నాక రేటు జీవితాంతం మారదు. యాన్యుటీకి పెట్టిన అసలు సొమ్ము నామినీకి తిరిగొచ్చే ఆప్షన్‌లో పెన్షన్ ఇంకా తక్కువ. ఏజెంటు ఏ ఆప్షన్ మీద లెక్కేశారో గట్టిగా అడగండి.

జవాబు 3:
ధరలు ఏటా 6% పెరిగితే, 15 ఏళ్ల తర్వాతి 13,900 నేటి 5,800తో సమానం. పైగా పెన్షన్ మీద మీ శ్లాబు ప్రకారం పన్ను.